పరిగి రోడ్డు బాడుగ ఇండ్లు

నాకు హిందూపురం మునిసిపల్ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చిన రోజు అమ్మ చాలా సంతోషపడింది. అన్నం వడ్డిస్తూ ఒక్క ప్రశ్న మాత్రం అడిగింది.

"ఆడ యాడుంటాం పాపా?"

ఊరికే అడిగిన ప్రశ్న కాదు. నాయన రైల్వే గ్యాంగులో పనిచేసేవాడు. పెనుకొండ అవతల, లైను పక్కన వరసగా కట్టిన కోటర్సులో నేను పుట్టి పెరిగాను. కుటుంబానికి ఒక గది, ముందర చిన్న వసారా, వరస మొత్తానికి ఒక చేతి పంపు. నాయన జ్వరంతో పోయిన కొన్నాళ్ళకే ఆ గది ఇంకొకరికి ఇచ్చారు. రూలు అది, ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. మేము పెనుకొండ దగ్గరి పల్లెలో చిన్నమ్మ ఇంట్లో సర్దుకున్నాం. నేను ట్రైనింగు ముగించింది ఆ ఇంట్లో ఉంటూనే.

ఇవి అరవైల మొదటి రోజుల సంగతులు. హిందూపురం అప్పుడప్పుడే పెరుగుతోంది. బెల్లం మండీల్లో, చింతపండు మండీల్లో పనికి పరిగి వైపు నుంచీ, చిలమత్తూరు వైపు నుంచీ జనం వచ్చి చేరుతున్నారు. ఇల్లు వెతకడానికి అమ్మా నేనూ బయల్దేరితే, మా స్కూల్లోనే పనిచేసే ఒక పెద్ద టీచరమ్మ తోడు వచ్చింది. గదులు లేకపోలేదు. ఇంటివాళ్ళు లోపలికి పిలిచి గది చూపించేవాళ్ళు, కిటికీ తెరిచి గాలి యాడనుంచి వస్తుందో చెప్పేవాళ్ళు. మాట కుదిరిందనుకునే వేళకు కులం అడిగేవాళ్ళు.

"ఏమిట్లోళ్ళమ్మా మీరు?"

కిరస్తానీలం అని చెప్పేదాన్ని. ఆ ఒక్క మాటతో మిగతాది వాళ్ళకు అర్థమయ్యేది. "మా అన్నను అడిగి చెప్తాం" అనేవాళ్ళు కొందరు. "మొన్ననే ఎవరికో మాటిచ్చేసినాం" అనేవాళ్ళు కొందరు. ఒకావిడ సూటిగా "మా ఇంట్లో దేవుడుండాడమ్మా" అంది. బయటికి వచ్చాక తోడొచ్చిన టీచరమ్మ "మనింట్లో మాత్రం లేడా?" అని సణిగింది. ఆమె మా వాళ్ళలో మనిషి కాదు. అయినా "మనింట్లో" అనేసరికి నాకు ఆమె మీద ఇష్టం కలిగింది.

చివరికి స్టేషనుకు కాస్త దూరంలో ఒక వీధి కొసన ఇల్లు దొరికింది. ఇల్లుగలామె వయసు అరవై దాటి ఉంటుంది. మొగుడు లేడు, పిల్లలు లేరు. పొడుగాటి ఇంట్లో ముందు భాగంలో తానుంటూ, మధ్య గదీ వెనక గదీ బాడుగకు ఇచ్చి బతికేది. మాకు చూపించిన వెనక గది ఒకప్పుడు ఎద్దుల కొట్టం. కింద బండలు పరిపించి, గోడలకు సున్నం కొట్టించింది. పక్క సందులోకి వేరే తలుపు ఉంది.

మేం ఎవరమో విని ఆమె ఒకసారి వెనక గది వైపు, ఒకసారి బావి వైపు చూసింది. గది చాన్నాళ్ళుగా ఖాళీగా ఉందని తర్వాత తెలిసింది.

"ముందే చెప్తాండా, వెనక అనుకోవద్దండి" అంది చివరికి. "రావల్లన్నా పోవల్లన్నా సందు తలుపులోంచే. బాయి కాడికి రావద్దు. నీళ్ళు నేనే చేది పోస్తా. మిగతాదంతా మీ ఇష్టం."

పొద్దుటినుంచి ఎండలో తిరిగి ఉన్నాం. అమ్మ నా మొహం చూసి, "సరేక్కా" అంది.

ఆ ఇంట్లో మా కాపురం అట్లా మొదలైంది. పొద్దున్నే అమ్మ బావికి ఇవతల బిందె పెట్టుకుని కూర్చునేది. ఆమె చేదతో నీళ్ళు తోడి, బిందెకు తగలకుండా ఎత్తునుంచి పోసేది. సగం నేలపాలయ్యేవి. ఎండాకాలంలో బావి అడుగంటినప్పుడు ఆ కిందపోయే నీళ్ళు చూసి అమ్మ ప్రాణం ఉసూరుమనేది. నాతో అనేది కానీ ఆమెతో ఎప్పుడూ అనలేదు.

అట్లాగని ఇద్దరూ ముభావంగా ఉండేవాళ్ళు కాదు. మండీవాళ్ళు ఇంటింటికీ చింతకాయల బస్తాలు పంపేవాళ్ళు. పెంకు వలిచి, ఈనెలు లాగి, గింజ కొట్టి పండు అప్పజెప్పితే కూలి. ఆమె తన వసారాలో, అమ్మ సందులో, మధ్యన పొట్టి గోడ. సుత్తి దెబ్బలూ మాటలూ సాయంత్రం దాకా వినిపించేవి. మొగుళ్ళ గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి, రాని వానల గురించి. మరిది కొడుకులు ఆ ఇంటి మీద కన్నేసి ఉన్నారనే సంగతి ఆమె వీధిలో ఎవరికీ చెప్పలేదు, అమ్మకు చెప్పింది. మేము వండింది ముట్టేది కాదు. పచ్చి కాయగూరలు, వేరుశనక్కాయలు ఇస్తే మాత్రం తీసుకునేది. ఒకసారి నాకు జ్వరం వస్తే తానే మిరియాల కషాయం కాచి గోడ మీద పెట్టి, నేను తాగేదాకా కదలకుండా నిలబడింది.

మధ్య గదిలో ధర్మవరం నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలుండేవాళ్ళు. ఆయన పట్టుచీరలు నేసేవాడు. మగ్గం కింద కాళ్ళు పెట్టుకోవడానికి నేలలో గుంత తవ్వాలి. దానికి ఇల్లుగలామె ససేమిరా అంది. "బాడుగిల్లు తవ్వుకుంటా పోతే నాకేం మిగుల్తుంది నాయనా?" అంది. ఆయన మగ్గం విప్పదీసి గోడకు ఆనించి, పక్క పేటలో వేరేవాళ్ళ మగ్గం మీద నేయడానికి పోయేవాడు.

మా వీధి కొసన ఒక బీడు ఉండేది. కాలమొస్తే వేరుశనక్కాయలు ఆరబోసేవాళ్ళు, మిగతా రోజుల్లో గొర్రెలు తిరిగేవి. ఒకరోజు మునిసిపాలిటీ మనుషులు వచ్చి గొలుసుతో కొలిచి రాళ్ళు పాతిపోయారు. వారం తిరక్కముందే సంగతి తెలిసింది. అక్కడ తక్కువ బాడుగకు ఇండ్లు కడతారట. టీచర్లు, ఆస్పత్రి ఆయాలు, పాకీ పనివాళ్ళు, మండీ కూలీలు, మగ్గాలవాళ్ళు, సొంతిల్లు లేనివాళ్ళు ఎవరైనా అడగొచ్చట. నేసేవాళ్ళకు గుంత తవ్వుకోనిస్తారని కూడా ఎవరో అన్నారు. మధ్య గది ఆయన ఆ సాయంత్రమే పోయి బీడు చూసొచ్చాడు.

వీధి అట్టుడికిపోయింది. ఎదురింట్లో రిటైరైన కోర్టు గుమాస్తా ఉండేవాడు. ఆయన పెద్దలందరినీ అరుగు మీద కూర్చోబెట్టి మహజరు తయారుచేశాడు. మహజరంటే వీధంతా సంతకాలు, వేలిముద్రలు పెట్టి పైవాళ్ళకిచ్చే విన్నపం. ముందు వేలిముద్ర వేసినవాళ్ళలో మా ఇల్లుగలామె ఒకతె.

"యాయాటోళ్ళో వచ్చి చేరతారు. ఆడపిల్లలు బయట తిరగల్లా వద్దా?" అని వీధిలో గట్టిగా అనేది. గోడ దగ్గర అమ్మతో మాత్రం గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది. "అంత తక్కువకు సర్కారోళ్ళే ఇస్తే నా గదులు ఎవరికి గావల్ల చెప్పు? నేనేం తిని బతకల్ల?"

"అదీ నిజమే" అంది అమ్మ.

మునిసిపల్ ఛైర్మన్ ఈ సంగతి మీద అందరి మాటా వింటానని మా స్కూల్లోనే మీటింగు పెట్టించాడు. గుమాస్తాకు కళ్ళు ఆనవు. మహజరు చదివి వినిపించడానికి గట్టి గొంతు కావాలి. ఇల్లుగలామె నన్ను అడిగింది. ఆమె గదిలో ఉంటున్నాను, రోజూ ఆమె పోసిన నీళ్ళు తాగుతున్నాను. సరే అన్నాను.

ఆ సాయంత్రం స్కూలు వరండా నిండిపోయింది. మగవాళ్ళు ముందర, ఆడవాళ్ళు వెనక. అమ్మ అందరికంటే వెనక స్తంభం దగ్గర కూర్చుంది. పిల్లలకు పాఠం చదివినట్టే చదవడం మొదలుపెట్టాను. నీటి ఎద్దడి, ఇరుకు దారి, ఇవన్నీ సజావుగానే సాగాయి. తర్వాత ఈ వాక్యం వచ్చింది.

"బాడుగ ఇండ్లలో ఉండువారికి వీధి మీద మమకారముండదు. పరిశుభ్రత పాటింపరు."

"పాపా, ఆ మాట ఇంగొగసారి చదువు" అని వెనకనుంచి వినబడింది.

తలలన్నీ తిరిగాయి. అమ్మ లేచి నిలబడి ఉంది. మళ్ళీ చదివాను.

అమ్మ గుమాస్తా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. "మేమూ బాడుగోళ్ళమే గదా సామీ. పొద్దున్నే మా అక్క వాకిలి ఊడ్చేది నేనే. మీ కోడలు పురిటికి పోయినప్పట్నుంచి మీ వాకిలి గూడా నేనే ఊడుస్తాండా. మీరు లేచేసరికి అయిపోయింటుంది, చూసిండరు."

ఎవరో ఫక్కున నవ్వారు. ఇక ఆగలేదు, వరండా అంతా నవ్వింది. గుమాస్తా మొహం కందగడ్డయింది. ఛైర్మన్ కూడా నవ్వు ఆపుకుని అడిగాడు. "ఏమ్మా, ఇంతకీ నీకు ఆ ఇండ్లు కావల్లనా, వద్దా?"

"కావల్ల. ఇల్లు ఎట్లున్నా సరే. కొళాయి మాత్రం వీధిలో పెట్టండి, అందరికీ కనబడేటట్ల. ఒగరింటి లోపల పెడితే అది వాళ్ళదైపోతుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇల్లుగలామె అమ్మవైపు చూడకుండా చెంగు సర్దుకుంది.

తిరుగుదారిలో ఆమె మాకంటే ముందు నడిచింది. మరుసటి రోజు నీళ్ళు పోసింది కానీ నోరు విప్పలేదు. ఆ పై వారం గోడ దగ్గరికి వచ్చి, "గదికి సున్నం కొట్టించల్ల. మీరు యాడన్నా చూసుకోండి" అంది.

"మొన్న దీపావళికే కొట్టించినావు గదక్కా."

"మళ్ళీ కొట్టిస్తా."

అమ్మ గిన్నెలు మూట కట్టింది. మా సామాను ఎంతని, ఒక జట్కా బండికి సరిపోయింది. చిన్నమ్మ ఇంటికి తిరిగొచ్చాం. నేను పెనుకొండ స్టేషన్లో పొద్దున ప్యాసింజరు ఎక్కి హిందూపురం పోయి, సాయంత్రం బండికి తిరిగొచ్చేదాన్ని. బండి ఆలస్యమైతే ప్రార్థన దాటిపోయేది. హెడ్‌మిస్ట్రెస్ గడియారం వైపు చూసి ఊరుకునేది. అట్లా చూడకుండా తిట్టి ఉంటేనే బాగుండేది. చిన్నమ్మ ఏమీ అనలేదు గానీ వాళ్ళ పిల్లలు వసారాలో పడుకోవాల్సి వచ్చింది. అమ్మ బక్కచిక్కింది. మీటింగులో ఎందుకు మాట్లాడావని నేను అడగలేదు. ఒకరోజు తనే అంది, "నీ నోటితో ఆ మాట చదివిస్తే నాకు పట్టలేదు పాపా."

మీటింగు జరిగిన కొన్ని నెలలకు మునిసిపాలిటీ తీర్మానం చేసింది. బీడులో ఇండ్లు కట్టరు. పరిగి రోడ్డు వైపు, ఊరు దాటినాక ఉన్న రాతి నేలలో కడతారు. అనుకున్నదానికంటే తక్కువ కడతారు, అందులోనూ మునిసిపాలిటీలో పనిచేసేవాళ్ళకే మొదట ఇస్తారు. మగ్గాలకు గుంతల సంగతి అందులో లేదు. మధ్య గది దంపతులు ఆ తీర్మానం విని మగ్గం బండికెత్తుకుని ధర్మవరం తిరిగి వెళ్ళిపోయారు. అట్లా ఇల్లుగలామెకు రెండు గదులూ ఖాళీ అయ్యాయి.

ఒక మధ్యాహ్నం ఆమె స్కూలుకు వచ్చింది. గేటు దగ్గర నిలబడి, తల మీద చెంగు కప్పుకుని, ఎవరో పరాయి మనిషిలా కనిపించింది.

"గదికని ఎవురో తాగుబోతోడు వచ్చిన్యాడు, తరిమేసినా" అంది. "మీ అమ్మను రమ్మను."

అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ, "బాయి కాడికి రానిస్తుందా, అడుగు" అంది.

మర్నాడు సాయంత్రం బండికి ముందు ఆ వీధికి పోయి అడిగాను. ఆమె కొంచెం మెత్తబడింది. "చేద నేనే ఏస్తా. బిందె గట్టు మీద పెట్టుకోమను. ఎత్తునుంచి పొయ్యను."

ఆ జవాబు పెనుకొండకు మోసుకొచ్చాను. అమ్మ నవ్వింది. "గట్టు దాకా వచ్చింది. ఇంగ చేద ఒగటే గదా, ఆగు."

ఇంకో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. ఆమె చేద వదల్లేదు, అమ్మ పట్టు వదల్లేదు. చివరికి ఆమె "నా ఇల్లు, నా ఇష్టం పో" అంది. అమ్మ "నా ఇష్టం గూడా నాకుండాది" అంది. వాళ్ళిద్దరి మధ్యా రాయబారం నడపలేక ఇక నేనే మానేశాను. చిన్నమ్మ ఇంట్లోనే ఇంకో ఏడాదికి పైగా గడిచింది.

పరిగి రోడ్డు ఇండ్లు పూర్తయినప్పుడు మాకొకటి దక్కింది. మంగళూరు పెంకుల కప్పు, ఒక గది, వంటకు చిన్న చోటు, ముందర వసారా. చెట్టు చేమ లేదు, చుట్టూ రాతి గుండ్లు. గాలి తోలితే ఇంట్లో ఇసక. కొళాయి మాత్రం వరస మధ్యలో, వీధిలోకి పెట్టారు. పైపు కలిసొస్తుందని అక్కడ పెట్టారో, ఇంకేం కారణమో నాకు తెలియదు. అమ్మ మాత్రం తన మాట విన్నారనే నమ్మింది. నేను కాదనలేదు.

వచ్చిన కొత్తల్లోనే కొళాయి దగ్గర తగువు మొదలైంది. పొద్దున కాసేపే నీళ్ళొచ్చేవి. అమ్మ ముందుగా పోయి బిందె పెడితే, పక్క వరస ఆడవాళ్ళు దాన్ని కట్టెతో పక్కకు నెట్టేవాళ్ళు. "మేమందరం పట్టుకున్నాక పట్టుకోండి" అనేవాళ్ళు. మేము పట్టుకున్నాక కొళాయికి చింతపండు రాసి కడిగేవాళ్ళు. అమ్మ నెట్టిన బిందెను తీసి మళ్ళీ మొదట పెట్టేది. వాళ్ళు మళ్ళీ నెట్టేవాళ్ళు. నాకు స్కూలుకు టైమయ్యేది, అమ్మను ఆ గుంపులో వదల్లేక వదిలి పోయేదాన్ని.

ఒక ఆదివారం ప్రార్థనకు బయల్దేరబోతున్నాం. కొళాయి దగ్గర అమ్మ బిందెతో అదే తంతు నడుస్తోంది. అప్పుడు పరిగి రోడ్డు మీదనుంచి గంప ఎత్తుకుని మా పాత ఇల్లుగలామె వస్తూ కనిపించింది. మమ్మల్ని చూడ్డానికే వచ్చిందట. కొళాయి దగ్గర ఆగి, ఒక నిమిషం చూసి, గంప దించింది.

"ఏమ్మే, ఆ బిందె నెడతాండావే, కొళాయి నీ మామ పెట్టించినాడా?"

"నువ్వెవరు మధ్యలో?" అంది కట్టె పట్టుకున్నామె.

"నేనా? ఈమె ఇల్లుగలామెను!"

మేము ఆ ఇల్లు వదిలి అప్పటికి చాన్నాళ్ళయింది. అయినా ఆ మాట ఎంత అధికారంతో అందంటే, ఎదుటామె కట్టె దించేసింది. "ఇది మునిసిపాలిటీది. ముందొచ్చినోళ్ళు ముందు పట్టుకుంటారు. ఈసారి నెట్టినారంటే ఛైర్మన్ కాడికి పోతా నేను" అని ఇల్లుగలామె అరిచింది. మీటింగు జరిగినప్పుడు ఆ ఛైర్మన్‌తో ఒక్క మాట మాట్లాడని మనిషి. అమ్మ బిందె నిండింది.

ఇంటికొచ్చి వసారాలో కూర్చున్నారు. అమ్మ ఊరుకోలేదు. "ఆ మాట నీ బాయి కాడ చెప్పింటే బాగుండు గదక్కా."

ఆమె తడుముకోలేదు. "నా బాయి నాది. ఇది ఊరిది."

నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయాను, అమ్మ కళ్ళతోనే ఆపింది. ఆమె తెచ్చిన గంపలో గుమ్మడికాయ ఉంది. అమ్మ వేరుశనక్కాయలు పెడితే ఒలుచుకు తింది. నీళ్ళడగలేదు, మేమూ ఇవ్వలేదు. ఆమె పోయాక నేను చిరాకు పడితే, "ఆమెకు తెలిసినంత ఆమె చేసింది. నాకు గావల్సింది ఇంగా ఉండాది. రెండూ నిజమే" అంది అమ్మ. కొళాయి దగ్గర గొణుగుడు చాలాకాలం పోలేదు గానీ, మా బిందెను నెట్టడం ఆగిపోయింది.

ఆ తర్వాత ఆమె నెలకొకసారైనా వచ్చేది. ఆమె ద్వారానే తెలిసింది, మా పాత వీధి కొసన బీడులో ఎవరో వేరుశనగ నూనె మిల్లు పెట్టారని. పగలంతా ఇంజను మోతట, ఆరేసిన బట్టల మీద మసి పడుతోందట. ఈసారి గుమాస్తా మహజరు రాస్తే సంతకం పెట్టేవాళ్ళే దొరకలేదట. మిల్లు యజమాని ఆ వీధివాళ్ళ బంధువే.

ఆమె చనిపోయిన కబురు తెలిసిన రోజు అమ్మ చేస్తున్న పని వదిలేసి నడిచిపోయింది. స్కూలు వదిలాక నేను వెళ్ళేసరికి అమ్మ ఆ ఇంట్లో, ముందు గదిలో, ఆమె తల వైపు కూర్చుని ఉంది. అడ్డు చెప్పినవాళ్ళెవరూ లేరు. మరిది కొడుకులు వాకిట్లో నిలబడి ఇల్లు అమ్మడం గురించి మాట్లాడుకుంటున్నారు.

ఇంకో రెండేళ్ళకు నేను పై చదువు పరీక్ష ప్యాసై ధర్మవరంలో హైస్కూలు ఉద్యోగానికి మారాను. అక్కడ మాకు ఇల్లు చూసిపెట్టింది ఒకప్పుడు మధ్య గదిలో ఉన్న నేతాయనే. పరిగి రోడ్డు ఇల్లు అప్పగించాలి. అమ్మ సున్నం తెచ్చి గోడలకు తనే పూసింది. ఎవరో వచ్చేవాళ్ళ కోసం ఎందుకే ఇంత శ్రమ అంటే, "మాకు ముందరున్నోళ్ళు ఎట్లాంటోళ్ళో అని వాళ్ళు అనుకోరా" అంది.

మేము బయల్దేరే వేళకే కొత్తవాళ్ళు వచ్చేశారు. ఆయన మునిసిపాలిటీలో దీపాలు వెలిగించే పని చేస్తాడట. ఆయన భార్య చంకలో బిడ్డతో గుమ్మం దగ్గర మొహమాటంగా నిలబడింది. అమ్మ ఆమెను లోపలికి పిలిచి, వంట చోటు మీద పగిలిన పెంకు చూపించింది. "వానొస్తే ఈడ కారుతుంది, గిన్నె పెట్టుకో. మార్పిస్తామని రెండేండ్లుగా అంటాండారు, నువ్వు గూడా అడుగుతా ఉండు" అని చెప్పి, జట్కా ఎక్కింది.